ముందు ఫోను, తరువాత కాగితం: కో యూలాన్ గారి కొలువు

మిన్‌గువో అనే మా దీవి శకంలో డెబ్బై ఐదవ సంవత్సరం, అనగా 1986 ఆగస్టు ఒకటవ తేదీన, మా జిల్లా ప్రభుత్వ జలవనరుల శాఖలో నీటిమట్టాలు కొలిచే చిన్న ఉద్యోగానికి శ్రీమతి కో యూలాన్ గారు చేరారు. ఆనాడు వాన కురుస్తున్నదని శాఖలోని పెద్దలు ఇప్పటికీ చెబుతుంటారు. మా తూర్పు తీరంలో వాన కురవని రోజును గుర్తుపెట్టుకోవడమే కష్టం కనుక, ఆ మాటను శకునంగా కాక సమాచారంగా మాత్రమే స్వీకరించాలి. యూలాన్ అన్నది కూడళ్ళలో ఎర్రదీపం పడినప్పుడు కారు అద్దాల దగ్గరకు తెచ్చి అమ్మే తెల్లని పువ్వు పేరు. ఆ యూలాన్ కారుకు పరిమళమైతే, మా యూలాన్ సర్కారుకు పరిమళమయ్యారు. వచ్చే జనవరి పదహారవ తేదీన ఆమె పదవీ విరమణతో ఆ పరిమళం మా మూడవ అంతస్తును విడిచి వెళ్ళబోతున్నది.

ఉద్యోగపు తొలి సంవత్సరాలలో ఆమె విధి మాటలలో చెప్పడానికి సులభమూ, మోకాళ్ళతో చేయడానికి దుర్లభమూ అయినది. నది ఒడ్డున నాటిన కొలపలక దగ్గరకు దిగి, నీరు ఏ గీతను తాకుతున్నదో చూసి, ఒడ్డెక్కి, దగ్గరి అంగడిలోని ఫోను నుండి కార్యాలయానికి చెప్పాలి. తుఫాను వస్తున్నదని జిల్లా ప్రభుత్వం సెలవు ప్రకటించగానే దీవి అంతా ఇళ్ళలో కూర్చుని పొయ్యి మీద మరిగే గిన్నె చుట్టూ చేరే వేళ, ఆమె వానకోటు తొడుక్కుని బయలుదేరేవారు. "అందరికీ తుఫాను సెలవు, మా ఇంట్లో మాత్రం తుఫాను కొలువు" అని ఆమె భర్త గారు వియ్యాలవారి ముందు వాపోయిన సంగతి జగద్విదితం.

తరువాత కొలపలకల స్థానంలో యంత్రాలూ, అంగడి ఫోను స్థానంలో కంప్యూటర్లూ వచ్చాయి. యూలాన్ గారు సాయంకాలపు తరగతులకు వెళ్ళి ఆ విద్యను నేర్చి, నీటిమట్టాలన్నిటినీ ఒకే పట్టికలో చేర్చే పనిని తలకెత్తుకున్నారు. నది గురించి ఎవరైనా అడిగితే "నాది" అనే శాఖలూ, నింద వచ్చినప్పుడు "నాది కాదు" అనే శాఖలూ దండిగా ఉన్న ఈ భవనంలో, ఆ పట్టిక ఎవరిది అన్నప్పుడు చేయెత్తిన ఏకైక వ్యక్తి ఆమె. డేటాకు సర్కారు పేరు దత్తాంశం కనుక, దత్తాంశాన్ని దత్తత తీసుకున్న తల్లి అని ఆనాడు హాస్యానికి అన్నాము. హాస్యాలు కొన్ని తరువాత బరువెక్కుతాయి.

ప్రభుత్వ దత్తాంశాలన్నిటినీ ప్రజలకు, ముఖ్యంగా సాఫ్ట్‌వేర్ రాసేవారికి, బహిరంగంగా అందించవలెనని పైనుండి ఆదేశం వచ్చినప్పుడు, బహిరంగమంటే బహు రంగులని అర్థం చేసుకున్న మా శాఖ, పట్టికలను చక్కని రంగుల బొమ్మలుగా మార్చి తన వెబ్‌సైట్‌లో వేలాడదీసింది. వారం తిరగకుండానే జిల్లా కేంద్రంలోని సాఫ్ట్‌వేర్ యువకులు కొందరు మూడవ అంతస్తుకు వచ్చారు. వారిని లోపలికి పిలిచి, పంది పక్కటెముకల భోజనపు డబ్బాలు తెప్పించి, ఎదురుగా కూర్చుని వినాలని తోచినది యూలాన్ గారికే.

"అక్కా, ఇది పట్టిక కాదు, పట్టిక ఫొటో" అన్నారు వారిలో ఒకరు. "మా ప్రోగ్రాంకి కళ్ళుండవు, అంకెలు అంకెల్లాగే కావాలి."

"మా డైరెక్టరు గారికి కళ్ళున్నాయి కదా, అందుకని ఫొటో పెట్టారు" అన్నారు యూలాన్ గారు. "సరే, అంకెల సంకెళ్ళు నేను తీయిస్తాను. ఇంకేంటి బాధ?"

"మొన్న మధ్యాహ్నం మీ నది ఎండిపోయిందా? సున్నా చూపించింది."

"నది ఎండలేదు బాబూ, పరికరంలో బురద నిండింది."

"మరి సున్నా ఎందుకు వేశారు?"

"ఖాళీగా వదిలితే పని చెయ్యలేదంటారని."

డబ్బాలోని అన్నం చల్లారేంతవరకు ఎవరూ నవ్వు ఆపలేదట. మరునాటినుండి కొలవని చోట సున్నా వేయడం మాని "కొలవలేదు" అని స్పష్టంగా రాసే ఆచారం మా శాఖలో మొదలయింది. తనకు తెలియనిది తెలియదని ప్రభుత్వం చేత రాయించడం ఎంతటి ఘనకార్యమో, ప్రభుత్వంలో పనిచేసినవారికే తెలుస్తుంది. ప్రతి నెలా ఆ యువకులను పిలిచి, ఏది కావాలి, ఏది పనికిరావడం లేదు అని అడిగే భోజనాలు కూడా ఆనాటినుండే. పొలాలకు నీరు వదిలే వేళను రైతుల ఫోనుకు చెప్పే యాప్ ఒకటీ, వంతెన మునిగితే బడి బస్సును దారి మళ్ళించే యాప్ ఒకటీ ఆ డబ్బాల మూతల మీదే పుట్టాయి.

ఆమె స్వభావాన్ని తెలిపే చిన్న సంగతి ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. ఈ దీవిలో ఏ సర్వరు గదిలోనైనా, యంత్రం మొరాయించకుండా, దాని మీద "బుద్ధిగా ఉండు" అనే పేరుగల ఆకుపచ్చ చిరుతిండి పొట్లం పెట్టడం రివాజు. పొట్లం ఆకుపచ్చదే కావాలి, గడువు దాటకూడదు. ఒక తుఫాను దినాన కార్యాలయంలో చిక్కుకున్న అప్పటి డైరెక్టరు గారు, ఆకలికి ఆగలేక, యంత్రం మీది పొట్లాన్ని విప్పి ఆరగించారు. మర్నాడు యంత్రం మొరాయించింది. యూలాన్ గారు కొత్త పొట్లం కొని యంత్రం మీద పెట్టి, దాని పక్కన ఇంకొకటి పెట్టి, రెండవదానిపై "ఇది అధికారుల కోసం. వారు కూడా బుద్ధిగా ఉండాలి" అని చీటీ అంటించారు. డైరెక్టరు గారు ఆ చీటీని పదవీకాలమంతా తన బల్ల అద్దం కింద దాచుకున్నారు.

ఇంతవరకు రాసినది చూపించినప్పుడు యూలాన్ గారు చదివి, కళ్ళజోడు తీసి, ఈ సంచిక సంపాదకులతో, "పొగడ్తలు ఎన్నైనా రాసుకోండి. ఇబు గారి సంగతి లేకపోతే మాత్రం ఇది నా గురించిన వ్యాసం కాదు" అన్నారు. అభినందన సంచికలో అలాంటి సంగతి తగునా అని సంపాదకవర్గం తర్జనభర్జన పడింది. తగదని అందరూ అంగీకరించారు. తగనిదైనా నిజమని కూడా అంగీకరించారు.

నదికి ఎగువన, కొండవాలు మీద, మవాన్ అనే, బునున్ తెగవారి పల్లె ఉన్నది. ఆ పల్లెవాడైన శ్రీ బియుంగ్, జిల్లా కేంద్రంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, తన ఊరివారి కోసం ఒక యాప్ రాశారు. మా పట్టికలో ఎగువ నీటిమట్టం హద్దు దాటగానే పల్లెలోని ఫోన్లన్నీ మోగుతాయి, జనం ఎత్తున ఉన్న చర్చికి ఎక్కుతారు. రెండు వానాకాలాలు అది చక్కగా మోగింది. మా పట్టిక వల్ల ఎవరికి ఏమి ఒరిగిందని అడిగిన పైవారికి యూలాన్ గారు మొదట చెప్పే పేరు మవాన్.

అప్పుడు మూల్యాంకనం వచ్చింది. ఏ జిల్లా ఎన్ని దత్తాంశాలను బహిరంగం చేసిందో పైవారు లెక్కించి శ్రేణి ఇస్తారు. ఎన్ని వాడుకలో ఉన్నవని ఎవరూ లెక్కించరు. లెక్క పెరగాలంటే ఉన్నదాన్ని ముక్కలు చేయడమే మార్గమని ప్రతి జిల్లాకూ తెలుసు. మేమూ చేశాము. నది మొత్తానికి ఉన్న ఒక్క పట్టికను కొలపరికరానికొక ముక్కగా కోశాము. పాత పట్టికను తీసివేస్తే లెక్కలో ఒకటి తగ్గుతుంది కనుక దానిని అక్కడే ఉంచాము. దానికి కొత్త అంకెలు అందవు, అంతే.

ఆ సమావేశంలో యూలాన్ గారు లేచి, "ముక్కలు చేస్తే చెయ్యండి, వాడుకునేవాళ్ళకి ముందు చెప్పండి" అన్నారు. "చెబుదాం అక్కా, కాదన్నదెవరు? పద్ధతి ప్రకారం లేఖ పెట్టండి" అన్నారు విభాగాధిపతి. ఆమె ఆ మధ్యాహ్నమే లేఖ రాశారు. లేఖ అధికారుల ముద్రల కోసం ఒక బల్ల నుండి మరొక బల్లకు బయలుదేరింది. మూల్యాంకనం గడువు మాత్రం ముద్రల కోసం ఆగలేదు.

తుఫాను తీరం దాటిన రోజు మధ్యాహ్నం, బియుంగ్‌కు పల్లె నుండి ఆయన పిన్ని ఇబు గారు ఫోను చేశారు.

"బియుంగ్, వాగు మోత వేరేగా ఉందిరా. రాళ్ళు దొర్లుతున్నట్టుంది. చర్చికి ఎక్కిపోనా?"

ఆయన యాప్ చూశారు. "ఒకటిన్నర మీటరే ఉంది పిన్నీ. ఈ వానలో ఎక్కితే జారిపడతావు. ఇంట్లోనే ఉండు."

"సర్కారు లెక్కేనా?"

"సర్కారు లెక్కే."

"అయితే సరేలే. కోళ్ళని లోపలికి తోలుకుంటాను."

ఒకటిన్నర మీటరన్నది పట్టికను కోసిన నాటి నీటిమట్టం. సాయంత్రానికి వాలు జారి, ఆ ఇల్లు నదిలో కలిసింది. పక్క ఇళ్ళవారు మోత విని, ఫోను మోగకపోయినా, పైకెక్కి బతికారు. అడిగి, జవాబు విని, నమ్మిన మనిషి ఒక్కరే పోయారు. మూల్యాంకనానికి మూల్యం చెల్లించినది మా శాఖ కాదు.

అంత్యక్రియలయ్యాక బియుంగ్ మూడవ అంతస్తుకు వచ్చారు. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని తరువాత చాలామంది అన్నారు.

"యూలాన్ అక్కా, ఒక్కటే అడుగుతాను. ఆ రోజు మీ పట్టికలో నది కదల్లేదు. ఎందుకు?"

విభాగాధిపతి కల్పించుకుని, "పాత పట్టిక వెబ్ చిరునామా తీసెయ్యలేదండీ. మీలాంటి వాళ్ళకి ఇబ్బంది కాకూడదనే అలా ఉంచాం" అన్నారు.

"తీసేసి ఉంటే మా యాప్ ఆగిపోయేది సార్. ఆగిపోతే ఏదో తేడా ఉందని తెలిసేది. తెలిస్తే పిన్నిని పైకి పొమ్మనేవాణ్ణి."

బియుంగ్ మళ్ళీ యూలాన్ గారి వైపు తిరిగారు.

"మీరైనా చెప్పలేదేం అక్కా?"

"లేఖ రాశాను నాయనా. ముద్రలకి తిరుగుతోంది."

"నా నంబరు మీ దగ్గరుంది కదా."

"ఉంది" అన్నారు యూలాన్ గారు.

మరుసటి వారం లేఖ తిరిగి వచ్చింది. ఒక్క ముద్ర కూడా తక్కువ లేదు. ఆ ఏడు మూల్యాంకనంలో మా జిల్లాకు ప్రశంసాఫలకం కూడా వచ్చింది. అది మొదటి అంతస్తు గోడకు నేటికీ వేలాడుతున్నది. యూలాన్ గారు ఆనాటినుండి ఆ గోడ ఉన్న మెట్లు మాని, వెనుకవైపు మెట్లెక్కి వస్తారు. మోకాళ్ళ కోసమని మేము అనుకునేవాళ్ళము. వెనుక మెట్లే ఎత్తు ఎక్కువని ఆలస్యంగా గమనించాము.

పద్ధతి తప్పనివారి చేత పద్ధతే తప్పు చేయించినప్పుడు ఏ విచారణ సంఘమూ వారిని శిక్షించదు. శిక్షించేవారు లేక యూలాన్ గారు తన శిక్షను తానే రాసుకున్నారు. వాడుకునేవారి కోసం ప్రత్యేకంగా ఒక బల్ల, దానిపై ఒక ఫోను, దానికి జవాబిచ్చే ఒక మనిషి కావాలని కోరి, ఆ మనిషి తానే అయ్యారు. ముందు ఫోను, తరువాత కాగితం అన్నది ఆ బల్ల నియమం. ఏ పట్టికలో ఏ గడి మారబోతున్నా, దానిని వాడే ప్రతి ఒక్కరికీ ఆమె స్వయంగా ఫోను చేసి చెప్పి, వారు సరేనన్న తరువాతనే మార్పు జరగనిచ్చేవారు. ప్రతి కొలత పక్కన కొలిచిన వేళను రాయించారు, పాతబడిన అంకె కొత్తదానిలా నటించకుండా. మూసిన చిరునామాకు ఎవరైనా వస్తే, "ఇక్కడ అంకెలు రావు, అక్కడికి వెళ్ళండి" అని చెప్పే ఏర్పాటు చేయించారు. విభాగాధిపతి పదవి రెండు పర్యాయాలు ఆమె తలుపు తట్టింది. పదోన్నతి అంటే బదిలీ, బదిలీ అంటే ఆ ఫోను మోగి మోగి ఆగిపోవడం. పదవిని పెదవితోనే, చిరునవ్వుతో, వెనక్కి పంపారు.

ఏడాది తరువాత ఆ ఫోనుకు బియుంగ్ నుండి పిలుపు వచ్చింది. "క్షమించానని కాదక్కా. మా ఊరు ఇంకా ఆ వాలు మీదే ఉంది. కొత్త పట్టిక ఎలా చదవాలో చెప్పండి" అన్నారు. చెప్పారు. ఆనాటినుండి ప్రతి వానాకాలానికి ముందు వారిద్దరూ కలిసి ఫోన్లు మోగుతున్నాయో లేదో పరీక్షించి చూసేవారు. ఇబు గారి పేరు వారి మధ్య మళ్ళీ రాలేదని ఆమే చెప్పారు. పేరు రాకపోవడమూ ఒక రకంగా రావడమే.

అభినందన వ్యాసంలో ఇక సంతోషకరమైన ముగింపు రావాలి. అది లేదు. యూలాన్ గారి తరువాత ఆ బల్లకు ఎవరిని వేస్తారని గత శరత్తులో అడిగినప్పుడు, ఖాళీ అయిన కొలువును భర్తీ చేయరాదన్న విధానం ప్రకారం ఆ కొలువే రద్దవుతుందని జవాబు వచ్చింది. ఖాళీ అయినదానిని ఖాళీగానే ఉంచుతారు, అందులో సున్నా వేస్తారు. ఫోనుకు బదులు స్వయంగా సమాధానమిచ్చే యంత్రాన్ని వెబ్‌సైట్‌లో పెట్టారు. "నీటిమట్టం సున్నా చూపిస్తోంది, నిజమేనా?" అని మేము పరీక్షకు అడిగితే, "మీ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదములు" అని అది చెప్పింది. యూలాన్ గారు పై అధికారులను ముగ్గురిని కలిశారు. ముగ్గురూ టీ ఇచ్చారు.

అప్పుడు ఆమె చేసిన పని ఈ సేవాకాలం మొత్తానికి మకుటం వంటిది. డిసెంబరు నెలలో, తన బల్ల దగ్గర కూర్చుని, మా అంకెలతో బతికే ప్రతి సాఫ్ట్‌వేర్ రచయితకూ ఫోను చేశారు. జరగబోయే మార్పును ముందుగా చెప్పడం ఆమె నియమం. ఈసారి మారబోతున్నది తానే.

"జనవరి పదహారు నుంచి ఈ ఫోను ఎవరూ ఎత్తరమ్మా" అన్నారు రైతుల యాప్ రాసిన అమ్మాయితో.

"మరి మేం ఎవరికి చెప్పుకోవాలి అక్కా?"

"తెలీదు. తెలిసినట్టు చెప్పడం నావల్ల కాదు. తేడా వస్తే మీరే పట్టుకునేలా రాసుకోండి. వేళ పాతబడితే అంకె చూపించకండి."

బియుంగ్‌కు చివర చేశారు.

"అయితే ఇకమీద మీ లెక్క మా ఊరికి ఎంతవరకు పనికొస్తుందక్కా?"

"కొలత వస్తూనే ఉంటుంది. తప్పితే చెప్పేవాళ్ళుండరు. అందుకని దాన్నొక్కదాన్నే నమ్ముకోకు. తుఫాను వచ్చినప్పుడు మీ ఊరి వంతెన దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టు."

"ఇన్నేళ్ళూ లెక్కలు వాడండి, వాడండి అని మా ప్రాణం తీసి, ఇప్పుడు మనిషిని పెట్టమంటారా?"

"అవును. నవ్వుకో."

"నవ్వట్లేదక్కా. మనుషులెక్కడున్నారు? వయసులో ఉన్నవాళ్ళంతా పట్నాల్లో ఉన్నారు. ఊళ్ళో మిగిలినవాళ్ళు పదిమంది ముసలివాళ్ళు. వంతులేసుకున్నా చాలరు."

"నేనూ ముసలిదాన్నే. నాకూ ఒక వంతెయ్యి."

"మీకెందుకక్కా? బస్సు గంటన్నర. పైగా ఆ మోకాళ్ళు."

"తుఫాను హెచ్చరిక రాగానే ముందు రోజే వచ్చేస్తాను. మీ చర్చిలో పడుకుంటాను. కుర్చీ వేస్తావా, వెయ్యవా?"

పక్క బల్లల దగ్గర మేము పని చేస్తున్నట్టు నటిస్తున్నాము.

"వేస్తాను" అన్నారు బియుంగ్. "పిన్ని ఇల్లున్న వైపు వెయ్యమంటారా, ఇవతలివైపా?"

"ఆ వైపే" అన్నారు యూలాన్ గారు. ఫోను పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, జాబితాలోని ఆ చివరి పేరు పక్కన, చెప్పినట్టుగా గుర్తు పెట్టారు.

ఇట్టి ఉద్యోగినిని పొందినందుకు మా శాఖ గర్వించుగాక. ఆమె స్థానాన్ని ఖాళీగా వదిలినందుకు గర్వానికి సరిపడా సిగ్గు కూడా పడుగాక. శ్రీమతి కో యూలాన్ గారికి వానకు తడిసినా జలుబు చేయని ఛాతీని, చీకటిలో కూడా నీటి గీతను గుర్తించే చూపును, రాళ్ళు దొర్లే మోతను దూరం నుండే పసిగట్టే చెవులను, కుర్చీలోంచి చటుక్కున లేవగలిగే మోకాళ్ళను ఆ దేవతలు ప్రసాదింతురు గాక. ఆమె వంతు వచ్చిన ప్రతిసారీ నది తన హద్దులో తాను నడిచిపోవు గాక. నడవని దినాన ఆమె కేక ఒక్కటి కొండవాలు మీది చివరి ఇంటిదాకా వినిపించు గాక. ఆ కేకకు కావలసినంత ఊపిరితో, భర్త గారి తోడులో, ఆమె నిండు నూరేళ్ళు జీవింతురు గాక.